పాత మౌంటెన్ బైకుకు హబ్ మోటారు కిట్టు: విశాఖ ఎత్తుల మీద వాడి చూశాక

విశాఖపట్నం సైకిలు తొక్కేవాడి ఓపికను పరీక్షించే ఊరు. ఎం.వి.పి. కాలనీ నుంచి మధురవాడ వైపు ఉద్యోగానికి వెళ్లే మనిషికి దూరం పెద్ద లెక్కలోది కాకపోయినా, హనుమంతవాక దాటి జాతీయ రహదారి ఎక్కాక ఎండాడ దగ్గర ఎదురయ్యే ఎత్తు, దానికి తోడు పొద్దున తొమ్మిదింటికే చొక్కా తడిపేసే సముద్రపు ఉక్క, రెండూ కలిసి ఎంత మంచి సైకిలునైనా నాలుగు రోజుల్లో గోడకు చేర్చేస్తాయి. అలా గోడకు చేరిన ఒక మౌంటెన్ బైకుకు వెనక చక్రంలో మోటారు ఉండే 250 వాట్ల కిట్టు బిగించి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పూర్తిగా వాడిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. తొక్కడానికి సిద్ధపడి కొనేవాళ్లకు ఈ కిట్టు పెట్టిన డబ్బుకు తగిన వస్తువే. కాళ్లు కదపకుండా స్కూటరులా పోదామనుకునేవాళ్లకు మాత్రం, ముఖ్యంగా మా ఊరి వంటి కొండల ఊళ్లో, ఇది శుద్ధ దండగ.

కిట్టు అమ్మిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. మన దేశంలో ఆన్‌లైనులో దొరికే ఈ తరహా కిట్లలో చాలావాటి లోపల చైనా నుంచి వచ్చిన ఒకే రకం మోటారు, దానికి అందే కరెంటును అదుపు చేసే ఒకే రకం కంట్రోలరు ఉంటాయి. పెట్టె మీది పేరూ ధరా మారతాయి తప్ప సరుకులో తేడా తక్కువ. అందువల్ల ఒక పేరును పొగడడం, తెగడడం కన్నా ఈ తరహా కిట్టు గుణదోషాలు చెప్పడమే కొనేవాళ్లకు ఎక్కువ ఉపయోగం. నాకు వచ్చిన పెట్టెలో 27.5 అంగుళాల రిమ్ముకు పుల్లలు బిగించి సిద్ధం చేసిన వెనక చక్రం, ఆ చక్రం నడుమ హబ్ మోటారు, 36 వోల్టుల కంట్రోలరు, చిన్న ఎల్‌సీడీ డిస్‌ప్లే, తొక్కకుండానే మోటారును నడపడానికి బొటనవేలితో నొక్కే థ్రాటిల్, బ్రేకు పట్టగానే కరెంటును ఆపే స్విచ్చులున్న లివర్ల జత, పెడల్ సెన్సారు, టార్క్ ఆర్మ్ అనే ఉక్కు పలక ఉన్నాయి. బ్యాటరీని విడిగా కొనాలి. అది లిథియం సరుకు కాబట్టి మామూలు కొరియరు వాళ్లు విమానంలో ఎక్కించరు. రోడ్డు దారిన లారీలో రావలసిందే, కనుక కిట్టు కన్నా బాగా ఆలస్యంగా వచ్చింది. కిట్టుకు పదమూడు వేల చిల్లర, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి పన్నెండు వేలు, బిగించేటప్పుడు తేలిన పైఖర్చులు కలుపుకుంటే మొత్తం ముప్పై వేలకు దగ్గరగా వచ్చింది.

మోటారు చూడడానికి బుజ్జిగా ఉంటుంది. ఒక పక్క గేరు పళ్ల చక్రాలు, మరో పక్క 160 మిల్లీమీటర్ల బ్రేకు డిస్కు ఉండడంతో పరిశీలనగా చూస్తే తప్ప ఇది మోటారు బిగించిన సైకిలని తెలియదు. లోపల వేగంగా తిరిగే చిన్న మోటారు, ఆ వేగాన్ని తగ్గించి బలంగా మార్చే నైలాన్ గేర్లు, ఒక దిశలోనే పట్టే క్లచ్చు ఉంటాయి. ఆ క్లచ్చు పుణ్యాన మోటారు ఆపి తొక్కినప్పుడు చక్రానికి ఏ అడ్డూ ఉండదు. బ్యాటరీ అయిపోతే కొంత బరువెక్కిన మామూలు సైకిలే అవుతుంది. అదే కారణం చేత దిగుడులో బ్యాటరీని తిరిగి ఛార్జి చేయడం దీని వల్ల కాదు. గేర్లు లేని డైరెక్ట్ డ్రైవ్ హబ్ మోటార్లు ఆ పని కొంత చేస్తాయి గానీ అవి బాగా బరువు, పైగా మోటారు ఆపి తొక్కితే అయస్కాంతాలు వెనక్కి లాగుతున్నట్టు ఉంటుంది. అన్నట్టు, మోటారును వెనక చక్రం నడుమ పెట్టాలన్న ఆలోచన నిన్నా మొన్నటిది కాదు. ఆగ్డెన్ బోల్టన్ అనే అమెరికన్ ఇలాంటి సైకిలుకు 1895 డిసెంబరు 31న పేటెంటు పొందాడు. ఇన్నేళ్లూ ముఖ్యంగా కొరతపడింది తేలికపాటి బ్యాటరీ.

కిట్టు బాగోగులు సగం దాన్ని బిగించే సైకిలు మీదే ఆధారపడతాయి, ఈ సంగతి అమ్మేవాళ్లు స్పష్టంగా చెప్పరు. నా సైకిలుకు అల్యూమినియం ఫ్రేము, ముందు మాత్రమే సస్పెన్షన్, నట్లతో బిగించే వెనక ఇరుసు, మర బిగించే, ఏడు పళ్ల చక్రాల ఫ్రీవీల్ ఉండడం వల్ల పని సులువైంది. వెనక ఫ్రేము కాళ్ల మధ్య ఎడం 135 మిల్లీమీటర్లు ఉండాలి, ఇరుసు కూర్చునే గాడి కిందికి తెరుచుకుని ఉండాలి. ఖరీదైన కొత్త మౌంటెన్ బైకులకు వచ్చే, రంధ్రంలోంచి దూర్చి బిగించే థ్రూ యాక్సిల్ రకానికి ఈ మోటారు పట్టదు. గాడుల మీదికి జరిపి బిగించే, తొమ్మిది, పది పళ్ల చక్రాల క్యాసెట్ ఉన్నవాళ్లు క్యాసెట్ రకం మోటారును అడిగి తీసుకోవాలి, లేకపోతే గేర్ల వ్యవస్థనంతా మార్చుకోవలసి వస్తుంది. వెనక కూడా సస్పెన్షన్ ఉన్న సైకిలైతే సాధారణంగా బ్యాటరీకి చోటే ఉండదు. నా ఫ్రేములో సైతం పై గొట్టం వెనక్కి వాలి ఉండడంతో బ్యాటరీని దాని పట్టాలోకి జరిపి బయటికి తీయడానికి వేలెడు సందు మాత్రమే మిగిలింది, మంచినీళ్ల సీసా హ్యాండిల్ మీదికి మారింది. పొట్టి ఫ్రేము ఉన్నవాళ్లు డబ్బు కట్టకముందే అట్టముక్కను బ్యాటరీ కొలతకు కత్తిరించి ఫ్రేములో ఆనించి చూసుకోవడం మంచిది.

ముందు చక్రానికి బిగించే కిట్లు ఇంకా చవక, పని కూడా గంటలో అయిపోతుంది. అయినా సస్పెన్షన్ ఫోర్కు ఉన్న మౌంటెన్ బైకుకు వాటిని నేను సిఫారసు చేయను. ఆ ఫోర్కు కాళ్ల చివర్లు చక్రాన్ని పట్టుకోవడానికి తయారైనవే తప్ప ఇరుసు మెలితిప్పే బలాన్ని ఓర్చుకోవడానికి కాదు. పైగా భీమిలి బీచ్ రోడ్డులో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక మీద ముందు చక్రం ఉన్నచోటే తిరిగితే మనిషి రోడ్డు మీద ఉంటాడు.

బిగింపులో మొదటి చిక్కు బ్రేకు లివర్ల దగ్గర వచ్చింది. మన బజారులో అమ్ముడయ్యే మధ్యతరగతి మౌంటెన్ బైకులు చాలావాటికి గేరు మార్చే షిఫ్టరు, బ్రేకు లివరు ఒకే ముద్దగా వస్తాయి. కిట్టుతో ఇచ్చిన లివర్లు పెట్టాలంటే పాతవి తీసేయాలి, పాతవి తీస్తే గేర్లు మార్చే సాధనం పోతుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. విడి షిఫ్టర్లు కొనుక్కోవడం ఒకటి, పాత లివరుకే అతికించే చిన్న అయస్కాంతపు సెన్సార్లు తెప్పించుకోవడం రెండోది. హైడ్రాలిక్ బ్రేకులున్నవాళ్లకు రెండోదే దిక్కు. నేను విడి షిఫ్టర్ల దారి పట్టాను. ఇది తలనొప్పి పని అని స్విచ్చులను పూర్తిగా వదిలేసేవాళ్లూ ఉన్నారు, అది మాత్రం తగని పని. ఎందుకు తగదో సెన్సారు సంగతి దగ్గర చెబుతాను.

రెండోదీ, అన్నిటికన్నా ముఖ్యమైనదీ టార్క్ ఆర్మ్. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పినప్పుడు అంతే బలంతో తన ఇరుసును వెనక్కి తిప్పాలని చూస్తుంది. ఇరుసుకు రెండు పక్కలా చదునుగా చెక్కి, ఆ పది మిల్లీమీటర్ల చదును ఫ్రేము గాడిలో ఇరుక్కునేట్టు పెడతారు. ఇరుసు తిరగకుండా ఆపేది అంతే. ఉక్కు ఫ్రేమయితే కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. అల్యూమినియం మెత్తన కాబట్టి ప్రతి ఎత్తు దగ్గరా, ప్రతి సిగ్నలు దగ్గరా పడే కుదుపుకు గాడి అంచులు కొద్దికొద్దిగా అరిగి, ఏదో ఒక రోజు ఇరుసు గిర్రున తిరిగిపోతుంది. దానితో పాటు ఇరుసు లోపలి నుంచి వచ్చే మోటారు తీగలు మెలిపడి తెగుతాయి, చక్రం ఫ్రేములోంచి ఊడినా ఊడవచ్చు. దీన్ని నివారించడానికే ఇరుసు చదునును గట్టిగా పట్టుకుని, రెండో కొసను ఫ్రేముకు కట్టే ఉక్కు పలక కావాలి. కిట్టుతో ఇచ్చిన పలక పల్చన, దాని రంధ్రం ఇరుసు మీద వదులు. వదులుగా ఉన్న టార్క్ ఆర్మ్ ఉన్నా లేనట్టే లెక్క, ఎందుకంటే ఆ వదులు మేరకు ఇరుసు కదలడానికి వీలుంటుంది, ఆ కదలికే గాడిని తినేస్తుంది. గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని చేసే ఒక షెడ్డులో ఇరుసు కొలతకు సరిగ్గా సరిపోయే మందపాటి ఉక్కు పలక కోయించి బిగించాను. అయిన ఖర్చు కిట్టు ధర ముందు లెక్కలోకి రాదు. ఈ తరహా కిట్టు కొనే ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పే ఖర్చు ఇదే. మొదటి వారంలో ఇరుసు నట్లు ఒకటికి రెండుసార్లు మళ్లీ బిగించి చూసుకోవాలి. మోటారు తీగ బయటికి వచ్చేచోట దాన్ని కిందికి వంపు తిప్పి పైకి తేవాలి, అప్పుడు తీగ మీద జారే వాననీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది గానీ ఇరుసు లోపలికి పోదు.

మిగిలిన బిగింపు ఓపిక ఉన్నవాళ్లెవరైనా చేసుకోగలిగిందే. కనెక్టర్లు రంగురంగులుగా, బాణం గుర్తులతో ఉంటాయి కాబట్టి ఒకదానిలో పెట్టవలసింది మరొకదానిలో పట్టదు. ఫ్రీవీల్ విప్పే పనిముట్టు, పెడల్ కాడ లాగే పుల్లరు ఇంట్లో ఉండవు కనుక ఆ రెండు పనులకే సైకిలు షాపుకు వెళ్లాలి.

ఇక వాడకం. పెడల్ సెన్సారంటే పెడల్ ఇరుసుకు తగిలించే, పన్నెండు చిన్న అయస్కాంతాలున్న పళ్లెం, దాని పక్కన వాటిని లెక్కించే సెన్సారు. మీరు పెడల్ తిప్పుతున్నారా లేదా అన్నదే దానికి తెలుస్తుంది; ఎంత బలంగా తొక్కుతున్నారో తెలియదు. పాదం పెట్టి కాస్త తిప్పేసరికి మోటారు అందుకుంటుంది, తొక్కడం మానేశాక అర సెకను పాటు తోస్తూనే ఉంటుంది. చదును రోడ్డు మీద ఈ ఆలస్యాలు పట్టవు. ఇరుకు సందులో, ఆటో వెనక నెమ్మదిగా జరుగుతున్నప్పుడు ఆ అర సెకను తోపే ప్రమాదం. బ్రేకు మీద చెయ్యి పడగానే మోటారు ఆగిపోవాలి, అందుకే లివరు స్విచ్చులు తప్పనిసరి అన్నాను. ఎత్తులో సిగ్నలు దగ్గర ఆగి బయలుదేరేటప్పుడు దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది వస్తుంది. సాయం కావలసింది మొదటి అర చుట్టులో, అది వచ్చేది ఆ తరువాత. అక్కడ థ్రాటిల్‌ను ఒక్క క్షణం నొక్కితే సరిపోతుంది. థ్రాటిల్‌కు నేను ఒప్పుకునే ఉపయోగం దాదాపు ఇదొక్కటే. అపార్ట్‌మెంటు సెల్లారు ర్యాంపు మీద సైకిలును నడిపించుకు వచ్చేటప్పుడు డిస్‌ప్లే మీది కింది బొత్తాన్ని నొక్కి పట్టుకుంటే మనిషి నడక వేగంతో చక్రం దానంతటదే కదులుతుంది. చిన్న సౌకర్యమే అయినా ఇరవై కిలోలు దాటిన సైకిలును తోసేవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

కంట్రోలరు విషయంలో కొనేముందే అడగవలసిన ప్రశ్న ఒకటుంది. చవక కంట్రోలర్లలో ఒకటి నుంచి ఐదు వరకు ఉండే, మోటారు సాయాన్ని పెంచే, తగ్గించే మెట్లు వేగాన్ని బట్టి పనిచేస్తాయి: ఒకటో మెట్టులో ఫలానా వేగం వచ్చేదాకా మోటారు పూర్తి బలంతో లాగి, ఆ వేగం దగ్గర చేతులెత్తేస్తుంది. దానితో తొక్కుతుంటే ఎవరో వెనక నుంచి తోసి వదిలేస్తున్నట్టు కుదుపుగా ఉంటుంది. మంచి కంట్రోలర్లలో మెట్టు పెరిగేకొద్దీ ఇచ్చే కరెంటు పెరుగుతుంది, కనుక ఒకటో మెట్టులో కొద్దిపాటి సాయం ఏ వేగంలోనైనా నిలకడగా అందుతుంది. నాకు వచ్చింది ఈ రెండో రకం, ఈ కిట్టులో నాకు అన్నిటికన్నా నచ్చినదీ ఇదే. రెండో మెట్టులో పెట్టి తొక్కితే మోటారు ఉందన్న సంగతి మరచిపోయి, ఈ రోజు ఒంట్లో బాగుందనుకునే పరిస్థితి.

ఎత్తుల మీద దీని సత్తాను మాటల్లో కన్నా లెక్కలో చూడడం న్యాయం. మనిషి, సైకిలు, కిట్టు, సంచి కలిపి 95 కిలోలనుకుందాం. వంద మీటర్లకు ఆరు మీటర్లు లేచే రోడ్డు మీద గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, బరువును పైకి మోయడానికే సుమారు 185 వాట్లు కావాలి. టైర్ల రాపిడికీ గాలికీ మరో 40 వేసుకుంటే మొత్తం 225. ఆయాసం లేకుండా తొక్కే మామూలు మనిషి కాళ్లు 100 వాట్లు ఇస్తాయి, మిగిలిన 125 మోటారుకు తేలిక పని. చెమట పట్టకుండా ఎండాడ ఎత్తు దాటడం వెనక ఉన్న రహస్యం ఈ కూడికే. ఇప్పుడు కాళ్లు ఆపేసి థ్రాటిల్ మీద వెళ్లండి: 225 వాట్లూ మోటారే ఇవ్వాలి, అంటే తన శక్తి అంచు దాకా వచ్చేసింది. కైలాసగిరి రోడ్డులోనో సింహాచలం ఘాట్‌లోనో మలుపుల దగ్గర వంద మీటర్లకు పది మీటర్లు లేచే ముక్క వస్తే కావలసింది 350 వాట్లు. అక్కడ వేగం పడిపోతుంది. హబ్ మోటారుకు చక్రం వేగమే తన వేగం కాబట్టి, నెమ్మదిగా తిరిగేకొద్దీ బ్యాటరీ నుంచి తీసుకున్న కరెంటులో ఎక్కువ భాగం వేడి కింద పోతుంది. ఆ వేడిని చాలాసేపు భరిస్తే లోపలి నైలాన్ గేర్లు మెత్తబడతాయి. థ్రాటిల్ నొక్కి కొండ ఎక్కేవాళ్ల మోటార్లు తొందరగా పాడవడానికి కారణం ఇది, మోటారు నాసిరకమై కాదు. అలాంటి చోట సైకిలును చిన్న గేరులోకి మార్చి, కాళ్లు చురుగ్గా ఆడిస్తూ, వేగం 10 కన్నా తగ్గకుండా చూసుకుంటే కైలాసగిరి కూడా ఎక్కుతుంది. పైకి చేరాక మోటారు మీద చెయ్యి వేస్తే వేడిగా ఉంటుంది గానీ చెయ్యి తీసేయవలసినంత కాదు. ఇదే లెక్క ప్రకారం 26 అంగుళాల చక్రం ఉన్నవాళ్లకు 29 అంగుళాల వాళ్ల కన్నా కొండ మీద కాస్త లాభం, ఎందుకంటే చక్రం చిన్నదైతే అదే మోటారు నేలను మరింత బలంగా తోస్తుంది.

రోజూ నిజమైన ఘాట్ రోడ్లు ఎక్కేవాళ్లకూ, మట్టి బాటల్లో కొండలెక్కేవాళ్లకూ సరైనది పెడళ్ల దగ్గర బిగించే మిడ్ డ్రైవ్ మోటారు. అది చైనును తిప్పుతుంది కనుక సైకిలు గేర్లన్నీ మోటారుకు కూడా పనికొస్తాయి. చిన్న గేరులో వేసుకుంటే చక్రం నెమ్మదిగా తిరుగుతున్నా మోటారు తన సుఖమైన వేగంలోనే ఉంటుంది. చైనాలోని సుజౌ నగరానికి చెందిన బఫాంగ్ సంస్థ బీబీఎస్02, టాంగ్‌షెంగ్ సంస్థ టీఎస్‌డీజెడ్2 ఈ వర్గంలో ప్రపంచమంతటా వాడుకలో ఉన్నవి. 68 లేదా 73 మిల్లీమీటర్ల, మర ఉన్న బాటమ్ బ్రాకెట్‌లో, అంటే పెడల్ ఇరుసు ఉండే ఫ్రేము గొట్టంలో, అవి కూర్చుంటాయి. టాంగ్‌షెంగ్ మోటారులో పాదం ఎంత బలంగా నొక్కుతోందో పసిగట్టే టార్క్ సెన్సారు ఉండడం వల్ల దాని నడక మరింత సహజంగా ఉంటుంది. అయితే మోటారు బలమంతా చైను మీదుగా పోవడం వల్ల చైనూ గేరు పళ్లూ తొందరగా అరుగుతాయి, బలం పడుతుండగా గేరు మారిస్తే చైను తెగే ప్రమాదమూ ఉంటుంది. ధర సంగతి చెప్పనక్కరలేదు. ఊళ్లో ఉద్యోగానికి వెళ్లి వచ్చే అవసరానికి, వాన బురదలో చైను తుడిచే ఓపిక లేని నాకు, హబ్ మోటారే చాలు.

బ్యాటరీ దగ్గర కొంచెం నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువగా ప్రాణం మీదికి తేగల వస్తువు అదే. 36 వోల్టుల బ్యాటరీ అంటే పది లిథియం సెల్లులను వరుసగా కలిపిన కట్ట. నిండితే 42 వోల్టులు చూపిస్తుంది. 36ను 10 ఆంపియర్-అవర్లతో గుణిస్తే 360 వాట్-అవర్లు. తొక్కుతూ వెళ్తే కిలోమీటరుకు పది, పన్నెండు ఖర్చవుతాయి కాబట్టి ముప్పై కిలోమీటర్లు ధీమాగా వస్తుంది. థ్రాటిల్ మీద మా ఊరి ఎత్తుల్లో పద్దెనిమిదికే బ్యాటరీ అడుగంటుతుంది. ప్రకటనల్లో కనిపించే అరవై కిలోమీటర్లు ఒకటో మెట్టులో, చదును నేల మీద, గాలి వెనక నుంచి వీస్తే సాధ్యం కావచ్చు. గరుకు పళ్ల మౌంటెన్ టైర్లు తీసేసి సన్న గీతల రోడ్డు టైర్లు వేసుకుంటే ఖర్చు తగ్గి ఇంకో మూడు నాలుగు కిలోమీటర్లు కలిసొచ్చాయి, గుయ్యిమనే శబ్దమూ పోయింది. ఎత్తులో బ్యాటరీ గుర్తు రెండు గీతలకు పడిపోయి, పైకి వచ్చాక మళ్లీ మూడుకు లేస్తుంటే కంగారు పడనక్కరలేదు, బరువు పడినప్పుడు వోల్టేజీ తగ్గి తేరుకోవడం సహజం.

భద్రత మాట అలా కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇళ్లలో ఛార్జింగుకు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయిన సంగతి తెలుగువాళ్లెవరూ మరచిపోలేదు. సైకిలు బ్యాటరీ వాటికన్నా చిన్నదే గానీ లోపలిది అదే కుటుంబానికి చెందిన రసాయనం. అందువల్ల సెల్లుల తయారీదారు పేరు చెప్పలేని, భారతీయ ప్రమాణాల ముద్ర చూపించలేని, కట్ట మీద ప్లాస్టిక్ తొడుగు మాత్రమే చుట్టి ఇచ్చే చవక బ్యాటరీల జోలికి పోవద్దు. ప్రతి సెల్లు వోల్టేజీనీ కనిపెట్టి, హద్దు దాటితే కరెంటును ఆపే బీఎంఎస్ అనే సర్క్యూటు ఉందని రాతపూర్వకంగా తీసుకోండి. రాత్రి ఛార్జింగులో పెట్టి పడుకోవడం, గుమ్మానికి అడ్డంగా పెట్టి ఛార్జి చేయడం, ఎండలో వచ్చిన వేడి మీదే ప్లగ్గు పెట్టడం, ఈ మూడూ మా ఇంట్లో నిషిద్ధం. రెండు ఆంపియర్ల ఛార్జరుతో నిండడానికి ఐదు గంటలు పైనే పడుతుంది, సాయంత్రం ఇంటికి వచ్చి కాసేపు చల్లారనిచ్చి పెడితే పడుకునే లోపు అయిపోతుంది.

సముద్రం పక్క ఊరు కావడం కిట్టుకు వేరే పరీక్ష పెడుతుంది. ఉప్పు గాలికి మొదట తుప్పు పట్టేవి మోటారూ బ్యాటరీ కావు, బ్యాటరీ కింద కరెంటు అందుకునే రాగి రేకులూ, కిట్టుతో ఇచ్చిన చవక నట్లూ బోల్టులూ. నట్లు స్టెయిన్‌లెస్‌వి మార్చి, కనెక్టర్లలో సిలికాన్ గ్రీజు కొద్దిగా పూస్తే బెడద తీరింది. వానలో తొక్కవచ్చు. నీళ్లు నిలిచిన రోడ్డులో ఇరుసు మునిగేదాకా పోవడం, సర్వీసు వాడు ప్రెషరు పంపుతో మోటారు మీద నీళ్లు కొట్టడం కుదరవు.

బ్రేకుల గురించి అమ్మేవాళ్లు నోరెత్తరు. మోటారు, బ్యాటరీ, మిగతా సామగ్రి కలిసి సైకిలు బరువును ఆరేడు కిలోలు పెంచుతాయి, సగటు వేగం పదిహేను నుంచి ఇరవై దాటుతుంది. నా సైకిలుకు ఉన్న తీగతో లాగే డిస్కు బ్రేకులు ఎండాడ దిగుడులో సైకిలును ఆపుతాయి గానీ, వేళ్లు నొప్పెట్టేంత గట్టిగా పట్టాలి. ముందు బ్రేకుకు మంచి రకం ప్యాడ్లు వేయించాక నయమైంది. రిమ్మును నొక్కే వి-బ్రేకులు మాత్రమే ఉన్న పాత మౌంటెన్ బైకుతో కొండ దిగేవాళ్లు కిట్టు డబ్బు నుంచి బ్రేకులకు కొంత పక్కన పెట్టుకోవాలి.

పంచరు ఈ కిట్టుతో వచ్చే నిత్యజీవితపు తలనొప్పి. వెనక చక్రం ఊడదీయాలంటే కనెక్టరు విప్పాలి, టార్క్ ఆర్మ్ విప్పాలి, 18 నంబరు స్పానరు కావాలి. రోడ్డు పక్క పంచర్లు వేసే ఒకాయన చక్రం వైపు అనుమానంగా చూసి, “ఇది ఇప్పమంటే నేను ఇప్పనండి, మళ్లీ బిగించాక కరెంటు రాకపోతే నా పీకల మీదకొస్తాది” అన్నాడు. ఆయన భయం సబబే. చక్రం విప్పకుండానే టైరును ఒక పక్కకు తప్పించి, ట్యూబును బయటికి లాగి అతుకు వేయవచ్చని చెబితే ఐదు నిమిషాల్లో వేసి పంపాడు. ట్యూబు మార్చవలసినంత పెద్ద బెజ్జమైతే ఇల్లు చేరవలసిందే. స్పానరు సంచిలో ఉంచుకోవడం అలవాటు చేసుకోవాలి.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండి, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర సాయం ఆగిపోయి, సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉన్న పెడల్ అసిస్ట్ సైకిలు మోటారు వాహనం కిందికి రాదు, దానికి రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కరలేదు. అదే నిబంధన పరీక్షా సంస్థ ధ్రువీకరణను కూడా కోరుతుంది. అది కంపెనీలు తాము తయారుచేసిన సైకిళ్లకు తెచ్చుకునేది, ఇంట్లో బిగించుకున్నవాటికి అలాంటి కాగితం ఉండదు. డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి వేగం హద్దును ఎత్తేయడం రెండు నిమిషాల పనే. అలా చేసిన సైకిలు ఎవరినైనా గుద్దితే మీరు నడిపింది రిజిస్ట్రేషనూ బీమా లేని మోటారు వాహనం అవుతుంది. 750 వాట్ల కిట్లు కొనేవాళ్లు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

డబ్బు లెక్కకు వస్తే, ముప్పై వేలకు అటూ ఇటూగా కంపెనీలో తయారై వచ్చిన ఎలక్ట్రిక్ సైకిళ్లే బజారులో దొరుకుతున్నాయి. ఇంట్లో మంచి సైకిలు లేనివాళ్లు కొత్త సైకిలు కొని, దానికి మళ్లీ కిట్టు కొనడం అర్థం లేని పని. మంచి ఫ్రేము, మంచి గేర్లు ఉన్న మౌంటెన్ బైకు దుమ్ము పట్టి ఉన్నవాళ్లకైతే అంతే డబ్బుతో ఆ ధర సైకిళ్లలో సాధారణంగా రాని పెద్ద బ్యాటరీ, తనకు నచ్చిన గేర్లు, ఏ భాగం పాడైతే ఆ భాగమే మార్చుకునే వీలు దక్కుతాయి. ఆ చివరి మాట నిజమో కాదో మాత్రం కొనేముందే తేల్చుకోవాలి. ఇంతవరకు నా కిట్టులో పాడైంది పెడల్ సెన్సారు ఒక్కటే. అమ్మినవాళ్లు విడి భాగం లేదన్నారు, వైరింగు సెట్టు మొత్తం కొనమన్నారు. కనెక్టరు అందరూ వాడే మూడు పిన్నుల రకం కావడంతో అదే సెన్సారు మరోచోట నాలుగైదు వందలకు దొరికింది, బిగించిన రోజే మోటారు మళ్లీ పనిచేసింది. ఆ కనెక్టరు వాళ్ల సొంత రకం అయి ఉంటే మోటారు బాగుండీ సైకిలు మూలన పడేది. కనుక ఆర్డరు పెట్టేముందు కనెక్టర్ల ఫొటో అడిగి చూడండి, సెన్సారు, కంట్రోలరు, డిస్‌ప్లే, నైలాన్ గేర్లు విడివిడిగా ఎంతకిస్తారో కూడా అడగండి. ఆ ధరలు చెప్పని అమ్మకందారు దగ్గర రెండు మూడు వేలు తగ్గినా కొనకండి.